నీలం గుడారంలో వేరుకాపురం

ఆస్ట్రేలియా పోయొచ్చావంట కదా, ఏం చూశావని బళేపేటలో నన్ను అడగని వాళ్ళు లేరు. మా మామగారి గాజుల అంగడికి వచ్చే ఆడవాళ్ళు డజను గాజులు ఎంచుకునే లోపల నేను ఒక దేశం మొత్తం చెప్పేయాలి. కంగారూలను చూశానని చెప్పేదాన్ని. అందరికీ అది చాలు. నిజానికి నేను కంగారూల కోసం పోలేదు. మా ఆయన్ని ఒక మాట అడగడానికి పోయాను.

ఆ మాట బెంగళూరులోనే అడగొచ్చు కదా అంటారేమో. అడగలేకనే కదా అంత దూరం పోయింది. మా ఇంట్లో కింద అంగడి, పైన తొమ్మిదిమందిమి. అత్త, మామ, మరిది, తోడికోడలు, వాళ్ళ పిల్లలిద్దరు, మా ఆయన అవ్వ, మేమిద్దరం. మా గది అని అందరూ అనేది హాల్లో ఒక మూల. ఒక పక్క బీరువా, ఇంకో పక్క పూల తెర. తెరకు అవతల అవ్వ మంచం. ఆమెకు చూపు ఆనదు గానీ, చెవులు పాము చెవులు.

అందుకని పెళ్ళయిన నాటి నుంచి మేమిద్దరం గొంతెత్తి మాట్లాడుకున్నది లేదు. అన్నీ గుసగుసలే. తలనొప్పిగా ఉందని చెప్పుకోవడమూ గుసగుసే, పోట్లాటా గుసగుసే. కోపాన్ని గుసగుసగా చూపించడం ఎంత కష్టమో, చేసిన వాళ్ళకే తెలుస్తుంది. సగం మాటలకే నవ్వొచ్చేస్తుంది, లేదా ఏడుపొచ్చేస్తుంది.

నా మాట ఇంతే. మనం వేరే ఇల్లు తీసుకుందామా? రెండు గదులు చాలు. ఆయన పనిచేసేది పీణ్యలో మెషీన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో. ఆ పక్కనే ఏదో ఒక సందులో అయినా సరే. కానీ ఆ మాట తెర ఇవతల అంటే తెల్లారేసరికి వంటింట్లో ఉంటుంది. ఇల్లు చీల్చిన కోడలని పేరు పడుతుంది. మింగి ఊరుకున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఆ ఫ్యాక్టరీ వాళ్ళు మెషీన్లు బిగించే పని మీద ఆయన్ని ఏడాది పాటు మెల్‌బోర్న్ పంపించారు. ఆదివారాల్లో హాల్లో ఫోన్ మోగేది. చుట్టూ అందరూ నిలబడి ఉండగా నా వంతు వచ్చేది. తిన్నారా అంటే తిన్నాననేవాడు. అంతలో ఆయన ఫోన్ కార్డులో డబ్బులు అయిపోయేవి. డిసెంబరులో అక్కడి పని మూతపడే సెలవులకు నన్ను రమ్మన్నాడు. సెలవుల్లో హోటల్ గదులకు అడిగే డబ్బులు వింటే గుండె ఆగిపోతుందట. అందుకని పాత కారు ఒకటి, ఎవరో వాడిన నీలం రంగు గుడారం ఒకటి కొన్నాడు. సముద్రం పక్కనే సిడ్నీ దాకా పోదామన్నాడు. గుడారమైతే ఏమి, ఇద్దరమే ఉంటాం కదా, అక్కడ అడిగేద్దామనుకున్నాను.

విమానాశ్రయంలో నా సంచిలోని కారప్పొడి డబ్బా మూత తీసి వాసన చూసిన అధికారికి వరసగా తుమ్ములు పట్టుకున్నాయి. కళ్ళు తుడుచుకుంటూ, పోమ్మా తల్లీ అన్నట్టు చెయ్యి ఊపాడు.

లేక్స్ ఎంట్రన్స్

వాళ్ళకు డిసెంబరు, జనవరి నడివేసవి. మనకు సంక్రాంతి చలి కొరికే రోజుల్లో వాళ్ళు ఒంటికి నూనె రాసుకొని ఇసుకలో పడుకుంటారు. పిల్లలకు బడి సెలవులు. ఊళ్ళన్నీ ఖాళీ చేసి జనం గుడారాల్లోకి వచ్చేస్తారు. నేనేదో చెట్ల మధ్య ఒంటరి గుడారాన్ని ఊహించుకున్నాను. తీరా మా మొదటి మజిలీ చేరి చూస్తే అదొక పెద్ద బస్తీ. గుడారాలతో వీధులు, గుడారాల ముందు పందిళ్ళు, పందిళ్ళ కింద ఫ్రిజ్‌లు, సైకిళ్ళ మీద పిల్లలు.

కంచె దగ్గర చెట్టు కింద ఖాళీ చోటు ఒకటి కారులోంచే చూసి పెట్టుకున్నాను. ఆఫీసు కిటికీ దగ్గర ఈయనేమో నట్టనడుమ చోటు అడిగాడు. "అక్కడ ఖాళీగా ఉంది కదా" అని చెవిలో గుసగుసలాడాను. కొళాయి దగ్గరుంటే మేలని ఆయనా గుసగుసలాడాడు. కిటికీలోని అమ్మాయి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. దొంగలనుకుందో, దేవుణ్ణి తలుచుకుంటున్నామనుకుందో.

కోట్ల విలువ చేసే మెషీన్లు బిగించే మనిషికి ఆ గుడారం కమ్మీల్లో ఏది ఎటు పోవాలో బుర్రకెక్కలేదు. ఒకవైపు లేపితే ఇంకోవైపు పడిపోయేది. చివరికి పక్క గుడారం ఆయన బీరు సీసా కింద పెట్టి వచ్చి, మూడు నిమిషాల్లో నిలబెట్టి, మళ్ళీ సీసా అందుకున్నాడు.

లోపలికి పోయి కూర్చున్నాను. గుడ్డ గుండా వెలుతురు నీలంగా పడుతోంది. తలుపుకు జిప్పు ఉంది. వేశాను, తీశాను, మళ్ళీ వేశాను. పెళ్ళయ్యాక నాకంటూ మూసుకునే తలుపు ఉండడం అదే మొదటిసారి. ఎంత సంతోషమైందో చెప్పలేను. అడిగేద్దామని నోరు తెరిచాను. అంతలో కుడిపక్క గుడారంలో రేడియోలో క్రికెట్, ఎడమపక్క గుడారంలో పిల్లాడికి అమ్మ చీవాట్లు. చెయ్యి చాపితే తగిలే దూరం. బళేపేటలో తెర, ఇక్కడ గుడ్డ. దీనికోసమా నేనింత దూరం వచ్చిందనుకున్నాను. ఈయనేమో ఆ గోల వింటూ హాయిగా నిద్రపోయాడు.

ఈడెన్

దారి పొడుగునా నీలగిరి చెట్ల అడవులు. కారు అద్దం దించితే జలుబు మందు వాసన. ఈడెన్ చిన్న రేవు. చేపలు వేయించి, ఆలుగడ్డ ముక్కలతో కాగితంలో చుట్టి ఇస్తారు. ఉప్పు తప్ప ఏమీ ఉండదు. బల్ల మీద నా కారప్పొడి డబ్బా తీస్తే పక్క బల్ల దగ్గరి పెద్దావిడ తనకూ కొంచెం కావాలంది. అలా బెరిల్ పరిచయమైంది. ఆమె మొగుడు కెన్, రైళ్ళలో పనిచేసి మానుకున్న మనిషి. మా గుడారానికి వాళ్ళది ఎదురే. ఇక్కడా ఈయన మనుషుల మధ్యనే చోటు పట్టాడు మరి.

మర్నాడు టీ తాగడానికి పిలిచి, బెరిల్ నన్ను పక్కకు తీసుకుపోయింది. మీ ఇద్దరికీ ఏమైనా గొడవా, నిన్నటి నుంచి మీ గుడారంలోంచి ఒక్క మాటా వినిపించలేదని మెల్లగా అడిగింది. గొడవేం లేదు, మేం మాట్లాడుకునేదే అంత అని చెప్పాను. ఇంట్లో తొమ్మిదిమందిమి, తెర, అవ్వ అన్నీ వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. జాలిపడుతుందనుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకొని, ఎంత అదృష్టవంతురాలివి అంది!

వాళ్ళకు నాలుగు గదుల ఇల్లట. పిల్లలు పెళ్ళిళ్ళు చేసుకొని పోయారు. మొగుడు ఒక గదిలో టీవీ చూస్తే ఈమె ఇంకో గదిలో అల్లుకుంటుంది. ముప్పై వేసవులుగా ఈ ఇరుకు చోటుకే వస్తున్నారు. పక్క గుడారంలో గురక వినిపిస్తుంటే ప్రాణం కుదుటపడుతుందట. అప్పటికి టీ కప్పుతో మా దగ్గరికొచ్చి నిలబడ్డ మా ఆయన అవునవునని తల ఊపుతూనే ఉన్నాడు. ఆ ఊపడం చూస్తే నాకు ఒళ్ళు మండింది. ఆ నాలుగు గదుల్లో రెండు నాకివ్వమ్మా అని అడగాలనిపించింది.

నరూమా

ఇక్కడ మాకు పచ్చిక అంచున చోటు దొరికింది. ఇంకెక్కడా ఖాళీ లేదు కాబట్టి, అంతే. పొద్దున్నే లేచి గుడారం ముందు ఇసుక సమం చేసి, మెల్‌బోర్న్‌లో మనవాళ్ళ అంగట్లో కొన్న బియ్యప్పిండితో నాలుగు చుక్కల ముగ్గు పెట్టాను. నా ఇల్లు, నా గుమ్మం, నా ముగ్గు. నీళ్ళు పట్టుకొని వచ్చేసరికి ముగ్గంతా నల్లగా కదులుతోంది. వేలెడేసి చీమలు, నా బొటనవేలంత అంటే అబద్ధం గానీ, మన చీమలకు ముత్తాతలు. ముగ్గు తిన్నంతసేపు తిని, పరుపులోకి వచ్చాయి. ఆయన ఒంటికాలి మీద గంతులేస్తుంటే నేను గుసగుసగానే నవ్వాను. గట్టిగా నవ్వడం మర్చిపోయానని నాకే అప్పుడు తెలిసింది.

ఆ దేశంలో నాకు నచ్చిన మర్యాద ఒకటుంది. సముద్రం ఒడ్డున పార్కుల్లో ఎవరైనా వండుకోవడానికి కరెంటు పెనాలు పెడతారు. డబ్బులడగరు. పెనం కాదు, తలుపంత రేకు. ముందు వాళ్ళు మాంసం కాల్చుకొని శుభ్రంగా తుడిచిపెట్టి పోతారు, మనమూ అంతే. దానిమీద ఒకేసారి ఆరు బియ్యపు రొట్టెలు తట్టాను. చుట్టూ జనం. ఇది ఏ ఊరి రొట్టె, ఇందులో ఏముంది అని అడుగుతారు. ఉల్లిపాయ, కారప్పొడి అని చెప్పి తలా ఒక ముక్క ఇచ్చాను. మా ఆయనకు దాచిన రొట్టె మాత్రం దక్కలేదు. కొమ్మ మీద బుద్ధిగా కూర్చున్న కూకబర్రా అనే పిట్ట ఒక్క దూకు దూకి, నా చేతిలోది లాక్కొని పోయి, కొమ్మెక్కి పకపకా నవ్వింది. దాని కూత నిజంగా నవ్వులాగే ఉంటుంది. మామిడిపండు తిందామంటే ఒక్కటి రెండు డాలర్లు. బంగినపల్లి డజను కళ్ళముందు కదిలింది. ఒకటి కొని ఇద్దరం టెంక దాకా చీకాం.

ఆ సాయంత్రం ఆయన పక్క గుడారాల వాళ్ళతో క్రికెట్ ఆడటానికి పోయాడు. ఎనిమిదైనా పొద్దు గుంకదు. నేను గడప దగ్గర కూర్చొని, ఆయన తిరిగొచ్చేదాకా నా మాటను నాలో నేనే వల్లించుకున్నాను. వచ్చాడు, అలసిపోయాడు, పడుకున్నాడు.

పెబ్లీ బీచ్

కంగారూలు సముద్రం ఒడ్డుకు వచ్చి గడ్డి మేసే చోటు ఇది. పొద్దున్నే అలల పక్కన నడుస్తున్నాం. కొంచెం దూరంలో ఒక తల్లి కంగారూ, సంచిలో పిల్ల. మనుషులెవరూ లేరు. ఇక ఇప్పుడు కాకపోతే ఎప్పుడనుకొని, అలవాటు కొద్దీ గుసగుసగా అడిగాను.

అలల హోరులో ఆయనకు వినపడలేదు. ఏమన్నావన్నాడు. ఇంకొంచెం గట్టిగా అన్నాను. చెయ్యి చెవి దగ్గర పెట్టుకొని మళ్ళీ ఏమన్నాడు. మూడేళ్ళ కడుపుమంట ఒక్కసారిగా పైకొచ్చింది.

"నాకు వేరే ఇల్లు కావాలి!" అని అరిచాను. "మనిద్దరమే ఉండే ఇల్లు!"

కంగారూ మేత మానేసి తలెత్తింది. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. ఆయన అక్కడే ఇసుకలో చతికిలబడ్డాడు. అలల మీదుగా వినపడాలని ఆయనా గట్టిగానే చెప్పాడు.

"నేను ఈడ ఇన్ని నెలలుగా ఒక్కణ్ణే ఉండాను. పొద్దున్నే లేస్తే ఎవరి దగ్గూ వినపడదు. గిన్నె కింద పడినా ఏమైందిరా అని అడిగేవాళ్ళు లేరు. జొరమొచ్చి పండుకుంటే, టీవీ పెట్టుకొని పండుకున్యా, మనిషి గొంతు వినాలని. నువ్వు ఆ ఇంట్లోనుంచి ఎప్పుడు బయటపడదామా అని ఉండావు. నేను ఎప్పుడు పోయి ఆ ఇంట్లో పడదామా అని ఉండాను."

ప్రతి చోటా జనం మధ్యనే గుడారం ఎందుకేశాడో అప్పుడర్థమైంది. అర్థమైనంత మాత్రాన కోపం పోతుందా?

"మీకు ఆ ఇంట్లో తొమ్మిదిమంది ఉండారు" అన్నాను. "నాకు మీరొక్కరు కూడా లేరు."

ఆయన లేచి ఇసుక దులుపుకున్నాడు. చివరికి చూద్దాం అన్నాడు. మా ఇంట్లో చూద్దాం అంటే ఏమిటో నాకు తెలుసు. టీవీ మార్చాలన్నా, మిద్దె మీద గది వేయాలన్నా, మామగారు చూద్దామనే అంటారు. ఆ టీవీ ఇప్పటికీ మారలేదు.

గుడారం విప్పి, మడిచి, కారులో పెట్టాం. నేను కిటికీ వైపే చూస్తూ ఏడ్చాను. ఆయన చూసీ చూడనట్టు నడిపాడు.

జర్విస్ బే

పిండిలాంటి తెల్లటి ఇసుక. కాలు పెడితే కిర్రుమంటుంది. అదే మా ఆఖరి మజిలీ. అడవిలోపల గుడారాల చోటు చూసుకునే ముసలాయన దగ్గరికి మా ఆయన ఒక్కడే దిగి పోయాడు. అడవి అంచుదాకా, మిగతా గుడారాలన్నీ దాటి, కారు పోతూనే ఉంది. ఇంకెవరి గుడారమూ కనపడని చోట ఆగింది. నీళ్ళు కావాలంటే బిందె మోసుకొని చాలా దూరం నడవాలి. ఆయనే కమ్మీలు బిగించాడు, ఈసారి ఒకేసారి నిలబడింది. గుమ్మం సముద్రం వైపు పెట్టాడు.

"నువ్వు అడిగింది ఇదే కదా" అన్నాడు. "ఈ పొద్దుకు నీ ఇంట్లో ఉందాం. నాకు బెదురు పుడితే నీతో మాట్లాడతా ఉంటాను, అంతే."

నీ ఇంట్లో అన్నాడు. ఆ ఒక్క మాటకు నా కోపమంతా ఎటుపోయిందో.

ఆ మధ్యాహ్నం నుంచి మేం మాట్లాడుకున్నాం. గట్టిగా, పూర్తి గొంతుతో. నేను అన్నం వండుతూ లోపలి నుంచి పిలిస్తే ఆయన అలల దగ్గర నుంచి పలికేవాడు. మా పుట్టినూరు హొసకోటలో నేను చదువు మానేసిన సంగతి, తనకు చిన్నప్పుడు నత్తి ఉండేదన్న సంగతి, పెళ్ళిచూపుల్లో నేను తనకన్నా పొడుగేమోనని భయపడ్డ సంగతి, అన్నీ అప్పుడే బయటపడ్డాయి. ఒకే ఇంట్లో ఉండి ఇవేవీ మాకు తెలియవు. గుసగుసల్లో పనికొచ్చే మాటలే చెప్పుకుంటాం కదా, పనికిరాని మాటలకు చోటెక్కడిది? పొద్దు గుంకేదాకా నవ్వాం, ఒకసారి అరుచుకున్నాం కూడా. గట్టిగా పోట్లాడితే పోట్లాట ఎంత తొందరగా తీరిపోతుందో!

సిడ్నీలో నన్ను విమానమెక్కించేటప్పుడు నా గొంతు పూర్తిగా పోయింది. గుడారం నా సామానులోనే పెట్టమన్నాను. ఎందుకన్నాడు. ఊరికే అన్నాను.

బళేపేట

ఇల్లు చేరగానే అత్త అడిగిన మొదటి మాట నా గొంతు గురించే. అక్కడి చల్లనీళ్ళు తాగినావా అమ్మణ్ణీ అంది. లేదత్తా, మాట్లాడి మాట్లాడి పోయిందని, ఉన్నదున్నట్టు నోరు జారాను. అత్త నన్ను ఒక క్షణం చూసి, మిరియాల పాలు కాచడానికి పోయింది.

ఉగాదికి ఆయన వచ్చేశాడు. వచ్చిన రోజు అవ్వ మంచం పక్కన కూర్చొని, పిల్లల గోల మధ్య, ఆయన ముఖం వెలిగిపోయిన తీరు చూస్తే నా మాట మళ్ళీ ఎత్తాలంటే నోరు రాలేదు. మళ్ళీ అదే మూల, అదే తెర, అవే గుసగుసలు. అంగట్లో ఎవరైనా కంగారూల గురించి అడిగితే నాకు ఆ నీలం వెలుతురే గుర్తొస్తుంది. అటక మీది గుడారాన్ని ఎవరూ లేనప్పుడు ఒకసారి దించి జిప్పు వేసి, తీసి, మళ్ళీ పైన పెట్టేశాను.

ఎండలు ముదిరాక వడియాలు పెట్టే కాలం వచ్చింది. ఒక ఆదివారం మిద్దె మీదికి పోయి చూద్దును కదా, అత్త నా గుడారం పైగుడ్డను పరిచి, దానిమీద వరసగా వడియాలు పెడుతోంది. ఈ పట్ట బలే ఉండాదే, పిండి అంటుకోదు అని మెచ్చుకుంది. నా ఇంటి కప్పు మీద గుమ్మడి వడియాలు! ఏం మాట్లాడితే ఏడుపొస్తుందోనని కిందికి దిగి వచ్చేశాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కాకుల్ని తోలడానికి తోడికోడలి పిల్లలు మిద్దె మీదికి ఉరికారు. అత్త వాళ్ళను ఆపింది. మీరొద్దు, మీ పెదనాయన, పెద్దమ్మ పోతారంది. మేమిద్దరం మొహమొహాలు చూసుకొని మెట్లెక్కుతుంటే, వెనకనుంచి అత్త, వీధిలోకి వినిపించేంత పెద్దగా చెప్పింది.

"గుసగుసలాడితే కాకులు పోవమ్మా. గట్టిగా మాట్లాడుకోండి."

పైన ఎండ మండిపోతోంది. చుట్టూ బళేపేట మిద్దెలు, ఆరేసిన బట్టలు, నీళ్ళ ట్యాంకులు. నీలం గుడ్డకు చెరో చివర కూర్చున్నాం. ఆయన ఒక వడియం అంచు తడిమి చూశాడు, ఇంకా ఆరలేదు. పిట్టగోడ మీద కాకులు ఒక్కొక్కటే వచ్చి వాలాయి. ఒకటి ధైర్యం చేసి గుడ్డ మీదికి దూకింది.

"నాకింకా వేరే ఇల్లు కావాలనే ఉండాది" అన్నాను, గొంతు తగ్గించకుండా.

కాకులన్నీ ఒక్కసారి లేచిపోయాయి.

"తెలుసు" అన్నాడు ఆయన, అంతే గట్టిగా.